ఎడమ స్టీరింగు మోరిస్ మైనర్

"నువ్వు జుట్టు కత్తిరిస్తున్నావా, రోడ్డుకి కాపలా కాస్తున్నావా?"

ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు సెలూను కుర్చీలో కూర్చుని వేసిన ప్రశ్న ఇది. అప్పటికి ఆయనకు ఒక చెంప మీద జుట్టు చెవి సగం దాకా ఉంది, రెండో చెంప మీద చెవి మొదట్లోనే ఆగిపోయింది. ఆ చెంపకీ ఈ చెంపకీ మధ్య వీధిలోంచి ఒక పాత హెరాల్డ్ కారు వెళ్ళింది. కత్తెర పట్టుకున్నాయన తడుముకోకుండా, రెండూ చేస్తున్నానండీ అన్నాడు. నిజమే చెప్పాడు. రెండూ ఒకేసారి కుదరడం లేదన్న సంగతి మాత్రం దాచాడు.

ఆయన్ని అందరూ డిక్కీ బాబాయి అంటారు. ఇంజను చప్పుడు చెవిన పడి, కత్తెర ఆపి, తలెత్తి అద్దంలోకి చూసేసరికి కారు ముందుభాగం ఎప్పుడూ గుమ్మం దాటిపోయే ఉంటుంది. మిగిలేది డిక్కీ. ఏళ్ళ తరబడి వెనకభాగాలే చూసీ చూసీ, ఆ వంపును బట్టి కారు పేరూ పుట్టిన సంవత్సరమూ చెప్పేస్తాడు. నంబరు ప్లేటు జోలికి పోడు. ప్లేటు చూసేది పోలీసులు, పసిపిల్లలు అని ఆయన సిద్ధాంతం. అభిరుచి మనిషిని ఉన్నతుణ్ణి చేస్తుందని సభల్లో అంటుంటారు. ఈయనకు అది పెళ్ళి తేదీనే మరిపించింది. మండపం బయట నిలబడ్డ కారుకి ఎడమ వెనక చక్రం మూత లేదన్నది మాత్రం చెక్కుచెదరకుండా గుర్తుంది.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఊళ్ళో నలుగురు. డిక్కీ బాబాయి, ఇన్సూరెన్సు ఏజెంటయిన ఆయన బావమరిది, ఒక పళ్ళ డాక్టరు, బస్సు డిపో గుమాస్తా. నలుగురిలో ఎవరికీ పాత కారు లేదు, ఆ మాటకొస్తే కొత్తదీ లేదు. ఆదివారం పొద్దున్నే పంచరు షాపు ముందు చేరి, ఆ వారం ఎవరికి ఏది కనబడిందో చెప్పుకుంటారు. ఫొటోలు చెల్లవు. ఫొటో తీసుకున్నవాడు ఇక గుర్తుపెట్టుకోడని వాళ్ళ అనుమానం. నోటి మాటే సాక్ష్యం.

ఒక ఆదివారం డిక్కీ బాబాయి అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. మోరిస్ మైనర్ చూశానన్నాడు. ఆవు అడ్డొచ్చి గుమ్మం దగ్గర నెమ్మదించిందట, ఈసారి ముందుభాగం కూడా అద్దంలో చిక్కింది. పిస్తా రంగు, ముందు అద్దం రెండు ముక్కలు, తలుపు పక్కనుంచి చెయ్యి చాపినట్టు లేచే ఇండికేటరు, నడిపేది ఒక పెద్దావిడ. ఇంతవరకూ ఎవరూ కదల్లేదు. స్టీరింగు ఎడమవైపు అన్నాడు. గుమాస్తా చేతిలో టీ ఒలికింది. ఆ ఊళ్ళో ఎడ్లబండికి తప్ప తక్కిన అన్నిటికీ స్టీరింగు కుడివైపే.

"ఎటు వెళ్ళింది బావా?" అన్నాడు బావమరిది.

"మార్కెట్టు వైపు."

"మీ వీధి వన్‌వే కదా. అటు ఎలా వెళ్తుంది?"

డిక్కీ బాబాయి ఓ క్షణం ఆలోచించాడు. "ఎడమ స్టీరింగు మనిషిరా. ఆవిడకి అన్నీ అటూ ఇటుగానే కనిపిస్తాయి."

పళ్ళ డాక్టరుకి ఇది సబబుగానే తోచింది.

సెలూనులో గల్లాపెట్టె దగ్గర కూర్చునేది డిక్కీ బాబాయి భార్య. చెంపలు ఎగుడుదిగుడై అలిగి వెళ్ళిపోయిన కస్టమర్ల ముఖాలన్నీ ఆవిడకు కంఠతా. మెడ వెనక ఎలా కత్తిరించారో కస్టమర్లకి కనబడితే కొంతైనా నమ్మకం పెరుగుతుందని ఆ నెలలోనే పట్టుబట్టి, పాత అద్దానికి ఎదురుగోడ మీద రెండో అద్దం పెట్టించింది. మోరిస్ సంగతి తమ్ముడి నోట విని ఒక బేరం పెట్టింది. కారుకి నిజంగా ఎడమ స్టీరింగే ఉంటే జన్మలో ఆయన్ని ఒక్క మాట అనదు. లేకపోతే గుమ్మానికి మందపాటి పరదా వేస్తుంది. ఇక రోడ్డన్నది ఆయనకు కనబడదు. డిక్కీ బాబాయి ఊపిరి బిగబట్టి ఒప్పుకున్నాడు. రోడ్డు కనబడని సెలూనులో ఆయనకు మిగిలేవి తలకాయలే.

బావమరిది పెట్రోలు బంకుల్లో ఆరా తీసి కారు ఎవరిదో కనిపెట్టాడు. ఊరి చివర ఉండే రిటైర్డ్ మిడ్‌వైఫ్‌ది. నలుగురూ టాక్సీ కట్టించుకుని వెళ్ళారు. ఆ టాక్సీ ఏ కంపెనీదో ఒక్కరూ గమనించలేదు. ఆవిడ రేకుల షెడ్డు తలుపు తీయగానే పిస్తా రంగు, రెండు ముక్కల అద్దం, అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. స్టీరింగు కుడివైపు ఉంది. డిక్కీ బాబాయి కారు చుట్టూ తిరిగాడు. తిరిగితే మారుతుందేమోనని రెండోవైపు నుంచి కూడా తిరిగాడు.

"ఎప్పుడు మార్పించారమ్మా?"

"ఏమిటి?"

"స్టీరింగు."

"మా ఆయన్నే మార్చలేకపోయాను నాయనా. స్టీరింగెక్కడ మారుస్తాను?"

తిరిగొచ్చాక బావమరిది సెలూను కుర్చీలో కూలబడి అద్దంలోకి చూస్తూ ఉన్నట్టుండి కేక వేశాడు. వీధిలో ఒకే సైకిలు వెళ్తోంది. అద్దంలో మాత్రం ఒకటి బస్టాండు వైపూ, ఒకటి మార్కెట్టు వైపూ పోతున్నాయి. పాత అద్దంలో కుడి ఎడమవుతుందని డిక్కీ బాబాయికి తెలుసు. చూసిన ప్రతి కారునీ మనసులో తిరగేసుకోవడం ఆయనకు రెప్ప వేసినంత అలవాటు. కానీ మోరిస్ ఆయనకు కనబడింది పాత అద్దంలో పడ్డ కొత్త అద్దపు బొమ్మలో. ఒక అద్దంలో తిరగబడి, రెండోదాంట్లో మళ్ళీ తిరగబడి, కారు బుద్ధిగా సరైన దారికి వచ్చేసింది. దాన్ని మూడోసారి తిరగేసింది ఆయన బుర్ర.

"అద్దం పెట్టించింది నువ్వేగా," అన్నాడు భార్యతో, ఆశ చావక.

"అద్దం నాదేనండీ. బుర్ర మీది."

ఎదురింటి దర్జీ చేత కుట్టించి మర్నాడే పరదా వేయించింది. మొదటి వారం చెంపలు గీత గీసినట్టు వచ్చాయి. రెండో వారంలో అసలు రోగం బయటపడింది. కారు కనబడినప్పుడు కత్తెర ఆగేది ఓ క్షణం. ఇప్పుడు బయట ఏ ఇంజను మూలిగినా, అది ఏ కారై ఉంటుందో, అలాంటిది మొదట ఎక్కడ చూశాడో, అప్పుడు దాని డిక్కీ మీద సొట్ట ఎలా పడిందో ఆయన చెప్పుకొస్తున్నాడు. చూడటం చప్పున అయిపోతుంది. గుర్తు చేసుకోవడానికి అంతూ పొంతూ లేదు. చెప్పినంతసేపూ కత్తెర గాల్లోనే. సగం క్రాపుతో ఉన్నవాడు లేచి పారిపోలేడు కాబట్టి వింటాడు. బెంచీ మీద ఉన్నవాళ్ళకి ఆ ఇబ్బంది లేదు, ఒక్కొక్కరే జారుకుంటున్నారు.

ఒక సాయంత్రం ఆవిడ గల్లాపెట్టె తెరిచి చూసి, మూసి, లేచి వెళ్ళి పరదా ఊడలాగి మడతపెట్టింది.

"చూడండి. చూసి నోరు మూసుకుని కత్తిరించండి."

సరిగ్గా అప్పుడే గుమ్మం ముందునుంచి ఏదో వెళ్ళింది. డిక్కీ బాబాయి చూశాడు, మళ్ళీ కత్తెర ఆడించాడు, ఏమీ అనలేదు. కుర్చీలో ఉన్నవాడి చెంప మాత్రం కాస్త పైకి పోయింది.

పరదా కుట్టిన దర్జీకి ఇంకా డబ్బులు ఇవ్వలేదు.