దెబ్బలు లేని పిటిషన్

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, తమిళుల చిత్తిరై నెల ఎండల్లో, తమిళనాడులో కోవిల్‌పట్టికీ విరుదునగరుకూ మధ్య ఒక మహిళా పోలీస్ స్టేషన్‌కు నన్ను ఎస్.ఐ.గా వేశారు. ఏ ఊరో అక్కర్లేదు. తప్పు నాది, ఊరిది కాదు.

ఒకరోజు పుదూరు పక్క పల్లె నుంచి రామలక్ష్మి అనే అమ్మాయి వచ్చింది. తరతరాలుగా అక్కడే స్థిరపడ్డ మా తెలుగువాళ్ల పిల్లే. ఆసుపత్రిలో భర్త చీటీ కోసం వరుసలో నిలబడితే, ఆ సందులో తప్పించుకొని వచ్చానంది. పద్ధతి ప్రకారం పిటిషన్ తీసుకొని రసీదు ఇస్తాం, రెండో పక్షాన్ని పిలిపిస్తాం, విచారించి కేసో రాజీయో తేలుస్తాం. భర్తను పిలిపించే శ్రమ లేకపోయింది. అరగంటలో ఆయనే వచ్చి వరండా బెంచీ మీద చేతులు కట్టుకొని కూర్చున్నాడు.

పిల్ల బెదరకూడదని, లోపల కూర్చోబెట్టి ఇంటి తెలుగులోకి దిగాను. “ఏమ్మా, మామ కొట్టినాడా?” మా ఇళ్లలో మొగుణ్ణి మామ అనే అంటాం.

“లేదక్కా. ఆయన మంచోరే. నాకు ఏ కొరతా లేదు.”

దెబ్బల కాలమ్‌లో ‘లేవు’ అని రాశాను. రాజీ కాగితం సిద్ధం చేయించాను. సంతకం పెడితే సాయంత్రం బస్సుకు ఆయన వెంట వెళ్లిపోవాలి. పెన్ను అందుకుంది గాని మూత తీయలేదు. నాకు విసుగొచ్చింది. ఆ విసుగు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

స్టేషన్ రాతపని చూసే కానిస్టేబుల్‌ను రైటర్ అంటాం. మా రైటర్ తమిళావిడ, తెలుగు ఒక్క ముక్క రాదు. రిజిస్టరు నింపుకోవడానికి, రోజంతా ఏం పని చేస్తావని తమిళంలో అడిగింది. రామలక్ష్మి తమిళంలోనే పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. లేవగానే ఫోన్ ఆయన చేతికివ్వాలి. కట్టే చీర ఆయనే తీసిపెడతాడు. స్నానాల గది గడియ వేయకూడదు. అంగడికి పోతే దారిపొడవునా వీడియో కాల్‌లో కనబడాలి. అమ్మతో మాట వారానికోసారి, అదీ స్పీకర్ పెట్టి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పని మాన్పించాడు. ఎందుకని అడిగితే నాలుగు రోజులు గదిలోంచి రానివ్వలేదు. రైటర్ మూడు పేజీలు రాసింది.

ఇవన్నీ నాతో ఎందుకు చెప్పలేదే అన్నాను.

“మనోళ్ల దగ్గర ఇంటి సంగతి ఎట్ల చెప్పేదక్కా? మీరు మామ అంటిరి. ఇంక నోరు రాలే.”

ముప్పై ఏళ్ల సర్వీసు నాది. ఏం లాభం!

రాజీ కాగితం చించేశాను. గృహహింస కేసులను కోర్టుదాకా నడిపించే జిల్లా రక్షణాధికారికి ఆ మూడు పేజీలు పంపి, అమ్మాయిని తల్లి దగ్గరికి చేర్చాం. “నేను ఒక్క దెబ్బైనా కొట్టుండానా మేడం?” అని భర్త నిజంగానే ఆశ్చర్యపోయాడు. లేదన్నాను. అదీ రాసుకున్నామని చెప్పాను.

కొట్టాడా అంటే లేదన్న జవాబు నిజమే కావచ్చు, విచారణ మాత్రం అక్కడితో ముగియదు. నేను నేర్చుకున్నది అంతే. ఆ తర్వాత మావాళ్ల ఆడపిల్ల ఎవరొచ్చినా తమిళంలోనే మాట్లాడాను. నిన్నటి రోజు పొద్దున్నుంచి ఎట్లా గడిచిందో ముందు అడిగాను. యూనిఫాం వేసుకోగానే ఇంటి భాష మరిచిందని బంధువుల్లో పేరొచ్చింది. అనుకోనీ.