సాంచాలు ఆగిన పది నిమిషాలు

చిన్నప్పుడు మా అమ్మ నన్ను కాలు కాలిన పిల్లి అనేది. ఒకచోట కూర్చోను, సగం తిని లేస్తాను, సగం విని జవాబు చెబుతాను. పెద్దయితే ఈ గుణం పోతుందనుకున్నారు. పోలేదు, దానికి సర్కారు ఉద్యోగం దొరికింది. కాపురం జగిత్యాలలో. వారంలో నాలుగు రోజులు కోరుట్లలో పశువుల ఆసుపత్రి, రెండు రోజులు సిరిసిల్ల చివర వీధికుక్కల కేంద్రం. కోరుట్లలో ఉంటే సిరిసిల్ల కుక్కలు గుర్తొస్తాయి, సిరిసిల్లలో ఉంటే కోరుట్ల బర్రెలు. ఎక్కడున్నా ఇంకోచోట ఉండాల్సిన మనిషిననే అనిపిస్తుంది.

కుక్కల కేంద్రంలో పని చెప్పుకోవడానికి సులువే. తెల్లవారుజామున మా మనుషులు వలలు తీసుకుని వీధుల్లోకి పోయి కుక్కలను పట్టి తెస్తారు. వాటికి ఆ రోజు విశ్రాంతి, రాత్రికి పస్తు. మర్నాడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి చివర చిన్న గాటు పెడతాం. కోలుకున్నాక ఎక్కడ పట్టామో అక్కడే వదిలేయాలి. వీటన్నిటికంటే ముందు డాక్టర్ చేయాల్సిన పని ఒకటుంది. కుక్క రాగానే దాన్ని లేపి నిలబెట్టి, పొట్ట కింద చెయ్యి పెట్టి చూడాలి. పాలిచ్చే తల్లయితే ఆ పూటే తీసుకుపోయి పిల్లల దగ్గర వదిలేయాలి. అంతా కలిపి అరనిమిషం పని, ఆ బుధవారం నేను అది చేయలేదు.

కారణం ఫోను. పన్నెండు కుక్కలు వచ్చాయి, నేను మొదటి బోను దగ్గర ఉండగానే రుద్రంగి నుంచి ఒక రైతు చేశాడు. వాళ్ల డాక్టర్ సెలవులో ఉన్నాడట.

"మేడం, బర్రె రాత్రి నుంచి నొప్పులు వడుతున్నది. దూడ కాలు ఒక్కటే బయటికచ్చింది. జెర జల్ది రాండ్రి మేడం."

ఫోను చెవికి పెట్టుకునే బోన్ల ముందు నడిచాను. ఎనిమిదో బోనులో ఒక ఎర్ర కుక్క మూలకు ఒదిగి, పొట్టను నేలకు అదిమిపెట్టుకుని పడుకుంది. కుక్కలను పట్టే అన్న నా పక్కనే ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఈ పనిలో నాకంటే పాతవాడు. కుక్కను లేపడానికి కర్ర ఎత్తి నా వైపు చూశాడు. నేను వద్దన్నట్టు చెయ్యి ఊపి, కాగితం మీద టిక్కు పెట్టి, పరుగెత్తాను.

రుద్రంగిలో దూడ బతికే బయటపడింది. ఆ ఇంటివాళ్లు గిన్నె నిండా పెరుగు పోసి అన్నం పెట్టారు. ఆ రోజంతా నా గొప్ప నేనే చెప్పుకుంటూ తిరిగాను.

మర్నాడు పొద్దున బల్ల మీదికి మొదట వచ్చింది ఆ ఎర్ర కుక్కే. మత్తు ఇచ్చి, పడుకున్నాక వెల్లకిలా తిప్పాం. చన్నులన్నీ బిగిసి ఎర్రబడి ఉన్నాయి. వెంట్రుకలు తీద్దామని చెయ్యి ఆనించగానే గ్లవ్ మీద పాలు చిమ్మాయి. ఒక పగలు, ఒక రాత్రి గడిచిపోయాయి. ఎక్కడో దీని పిల్లలు పాలకు ఏడుస్తున్నాయి. మత్తు ఇవ్వకముందు చూసి ఉంటే వదిలేసేదాన్ని, అదే ఉరికిపోయి పిల్లలను చేరుకునేది. ఇప్పుడు మధ్యాహ్నం దాకా దానికి కాళ్లు నిలవవు.

బుద్ధి ఉన్న మనిషయితే ఆ క్షణమే బయలుదేరాలి. నేను కుక్కలు పట్టే అన్నను పిలిచి తిట్టడం మొదలుపెట్టాను. పాలిచ్చే కుక్కను పట్టుకొస్తావా, కళ్లున్నాయా లేవా, ఇన్నేళ్లు ఏం నేర్చుకున్నావు అని. రోజూ అన్నా అని పిలిచే మనిషిని ఆ పూట అలా పిలవలేదు. ఆయన తువ్వాల చేతుల్లో పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు ఇంకా చాలా అన్నాను. ఆ తర్వాత పై అధికారికి ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. కుక్క లేచాక వదిలేయండి, అదే వెతుక్కుంటుంది అన్నాడు. గడియారం చూస్తే అరగంట దాటింది.

"ఎక్కడ పట్టినవ్?" అని అప్పుడు అడిగాను.

"మీ వాడలనే మేడం. సాంచాల గల్లీల."

సాంచాలంటే మరమగ్గాలు. నేను పుట్టింది ఆ గల్లీలోనే, మా బాపు బతికినన్నాళ్లూ అక్కడే సాంచాలు నడిపాడు. ఆపరేషన్ మానేసి, కుక్కను మా అటెండర్‌కు అప్పగించి, మేమిద్దరం వ్యాన్‌లో అక్కడికి పోయాం. అన్న తాను వల వేసిన చోటు చూపించాడు. మోరీలు, బండ్ల కిందులు, కార్ఖానాల వెనక సందులు తిరిగాం. రెండు వైపులా వరసగా కార్ఖానాలు, అన్నిట్లో సాంచాలు దడదడమంటున్నాయి. పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. కళ్లు తెరవని కుక్కపిల్ల ఏడుపు ఎంత ఉంటుంది? మెట్టు కింద ఉన్నా దాటిపోతాం. అటూ ఇటూ తిరిగీ తిరిగీ నాకు పిచ్చెక్కినట్టయింది.

మొదటి కార్ఖానాలో మా బాపుతో పనిచేసిన కాక ఉన్నాడు. నన్ను చూసి బయటికి రమ్మని సైగ చేశాడు.

"ఏంది బిడ్డా, గిట్ల ఉరికచ్చినవ్?"

ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పాను. పది నిమిషాలు గల్లీ అంతా సాంచాలు ఆపించమన్నాను.

"కుక్కపిల్లలకు సాంచాలాపుతరా? ఎవలన్న పోతనే ఆపుతం గదా బిడ్డా. ఊకె ఆపితె గల్లీకి మంచిగ గాదు, నీకెరుక లేదా?"

ఎరుకే. కరెంటు పోయి సాంచాలు ఆగితే బల్బులు కూడా ఆరిపోతాయి, అది లెక్కలోకి రాదు. బల్బులు వెలుగుతుండగా గల్లీ మొత్తం సాంచాలు ఆగాయంటే ఎవరింట్లోనో శవం ఉన్నట్టు. చావు లేకుండా ఆపితే చావును పిలిచినట్టని మావాళ్ల భయం. మా బాపు పోయిన రోజు కూడా అలాగే ఆపారు.

"ఆపకపోతె అవి పోతయ్ కాకా. నా వల్లనే పోతయ్," అన్నాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కాక నా ముఖం చూసి, లోపలికి పోయి తన సాంచాలు ఒక్కొక్కటీ ఆపాడు. తర్వాత పక్క కార్ఖానాకు పోయాడు. ఆ చప్పుడులో మాటలు సాగవు కాబట్టి అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. కుడి అరచేతిని వెల్లకిలా తిప్పితే ఎవరో పోయారని. కాక ఒక్కో తలుపు దగ్గర నిలబడి అరచెయ్యి వెల్లకిలా తిప్పాడు. ఎవరూ మారు అడగలేదు. ఒక్కో కార్ఖానా ఆగుతూ వచ్చి, చివరికి గల్లీ అంతా నిశ్శబ్దమైంది.

ఆ నిశ్శబ్దం ఎంతోసేపు లేదు. ఇళ్లలోంచి ఆడవాళ్లు బీడీల చాటలతో సహా ఉరికొచ్చారు.

"ఎవలు పోయిన్రు? ఎవలింట్ల?"

ఒకామె అయితే ఎవరో తెలియకుండానే శోకం అందుకుంది. సాంచాలే నయమనిపించింది. నోర్లు మూయండని నేను అరిచాను, ఎవరూ పట్టించుకోలేదు. కాక గల్లీ మధ్యకు వచ్చాడు.

"ఎవ్వలు పోలే. నేనే ఆపించిన. గీడ కుక్కపిల్లలున్నయట, ఒర్రుతున్నయేమొ జెర ఇనుండ్రి."

"నీ నోట్ల మన్నువడ, గుండె ఆగినంత పనాయె గదనే!" అన్నది శోకం పెట్టినామె, ముక్కు తుడుచుకుంటూ. అంతలో ఆమే చెయ్యెత్తి అందరినీ ఆపింది. మూడో కార్ఖానా వెనక గోడ దగ్గర సన్నగా ఏదో వినిపించింది.

అక్కడ తెగిన నూలు పోగులు నింపిన సంచులు కుప్పగా పడున్నాయి. అన్న నేల మీద బోర్లా పడుకుని, సంచుల కిందికి భుజం దాకా చెయ్యి దూర్చాడు. ఒక్కొక్కటే తీసి నా కొంగులో పెట్టాడు. నాలుగు. మూడు ఆయన వేళ్లను నోటితో వెతుక్కుంటున్నాయి. నాలుగోది కదలలేదు. దాని నోరు తుడిచాను, రొమ్ము రుద్దాను, ముక్కులో ఊదాను, మళ్లీ రుద్దాను. నేను ఆపేదాకా గల్లీలో ఒక్క సాంచా కూడా మొదలవలేదు.

"ఇగ ఇడిషిపెట్టు బిడ్డా," అన్నాడు కాక. తర్వాత చుట్టూ ఉన్నవాళ్లతో, "ఊకె ఆపలే తియ్యుండ్రి. దోషం లేదు," అని లోపలికి పోయాడు.

వ్యాన్‌లో చచ్చిన పిల్ల నా ఒళ్లో ఉంది. అన్న దాని వీపు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఇంకా ఒళ్లు సల్లవడలే మేడం. గిప్పుడిప్పుడే పోయినట్టుంది."

నన్ను పొడవాలని అనలేదు, ఉన్న మాట అన్నాడు. తోడబుట్టినవాటి మధ్య ఉంది కాబట్టి వెచ్చగా ఉందని నాకు నేను చెప్పుకోవాలని చూశాను. కానీ నేను డాక్టర్ని. మెడ ఇంకా బిగుసుకోలేదు. అది పోయి ఎక్కువసేపు కాలేదు, మహా అయితే అరగంట. ఆ అరగంట ఎక్కడ పోయిందో నాకు తెలుసు.

మత్తు పాలల్లోకి దిగుతుందని సాయంత్రం దాకా పిల్లలకు డ్రాపర్‌తో నేనే డబ్బాపాలు పట్టాను. మర్నాడు కోరుట్లకు రాలేనని ఫోను చేసి చెప్పాను. తల్లి పూర్తిగా తేరుకున్నాక బోనులో దాని ముందు పెట్టాం. మూడింటినీ నాకింది, పొట్ట దగ్గరికి లాక్కుంది. కాసేపయ్యాక లేచి తూలుకుంటూ వచ్చి, నాలుగోది పడుకున్న నా చీర కుచ్చిళ్లను వాసన చూసింది. వదలకుండా చాలాసేపు చూసింది. నేను అక్కడ నిలబడలేకపోయాను.

బయట అన్న బకెట్‌లో నీళ్లు పడుతున్నాడు.

"అన్నా, పొద్దుగాల నిన్ను ఊకె తిట్టిన. తప్పు నాది," అన్నాను.

"ఎరికే మేడం," అన్నాడు, నల్లా కట్టేస్తూ. "మీరు తిట్టేటప్పుడే ఎరికే."

బకెట్ ఎత్తుకుని పక్క బోను కడగడానికి పోయాడు.