తిమ్మయ్య సముద్రం, సిద్దమ్మ సముద్రం

ఆలూరు చుట్టుపక్కల పల్లెల్లో నీళ్ల తగువు లేని ఇల్లు వెతికినా దొరకదు. కాలవ వంతు దగ్గర అన్నదమ్ములు మాటలు మానేస్తారు, కొళాయి దగ్గర తోడికోడళ్లు బిందెలు విసురుకుంటారు. అదంతా మామూలే. తిమ్మయ్య, సిద్దమ్మ మాత్రం ముప్పై ఏళ్లుగా పోట్లాడుకుంటున్నది సముద్రం గురించి. ఆ ఊళ్లో సగం మందికి సముద్రం ఏ దిక్కున ఉంటుందో తెలియదు. ఆ తగువు తెలియనివాడు మాత్రం ఒక్కడూ లేడు.

అది పుట్టింది వాళ్ల పెళ్లయిన ఏడు. ఊరివాళ్లు బస్సు మాట్లాడుకుని సింహాచలం యాత్రకు పోయారు. యాత్రకు పోయినా హోటలు కూడు ముట్టని మనుషులు వాళ్లు. బియ్యం, కందిబేడలు, కారప్పొడి, వంట గుండుగలు, చివరికి పొయ్యిరాళ్లు కూడా బస్సు మీద కట్టుకుని పోయారు. విశాఖపట్నంలో సముద్రానికి కాస్త ఎడంగా బస్సు ఆపి పొయ్యి వెలిగించారు. మరి సామాన్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. కాలవకు వంతులు వేసుకున్నట్టే సముద్రానికీ వంతులు వేసుకున్నారు. పొద్దున మగవాళ్ల వంతు, సాయంత్రం ఆడవాళ్ల వంతు.

తిమ్మయ్య చూసిన సముద్రం ఎక్కడో దూరంగా ఉంది. ఈ లోపల తడి ఇసుక, ఇసుకలో నల్లరాళ్లు. అన్నిట్లోకీ పెద్ద రాయి ఎక్కి, కాలు మీద కాలు వేసుకుని కూర్చుని బీడీ కాల్చుకుని వచ్చాడు. సాయంత్రం సిద్దమ్మ చూసిన సముద్రం గోడ కింది మెట్ల దాకా ఉంది. రాయి అన్నది లేదు. మెట్టు మీద నిలబడ్డ మనిషి చీర మోకాళ్ల దాకా తడిపి, ఒక చెప్పు కూడా లాక్కుపోయింది.

తిరుగు బస్సులో తిమ్మయ్య రాయి సంగతి మొదలుపెట్టాడు. "ఏ రాయి?" అన్నది సిద్దమ్మ. అంతే.

మొదట్లో ఊరంతా రెండు పార్టీలైంది. మగవాళ్లు రాళ్ల పార్టీ, ఆడవాళ్లు మెట్ల పార్టీ. బడి అయ్యవారు ఏదో నచ్చజెప్పబోతే, తీర్పు చెప్పడానికి నువ్వెవరని రెండు పార్టీలూ కలిసి ఆయన నోరు మూయించాయి. తర్వాత ఎవరి బతుకుల్లో వాళ్లు పడి మర్చిపోయారు. వీళ్లిద్దరే మర్చిపోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ఇంటికి ఒకరుంటే చాలు, ఆ ఇంట్లో ఇద్దరున్నారు.

వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. ఆ నేల మీద పుట్టినవాళ్లకు నీళ్ల గురించి తెలిసింది ఒక్కటే. చెరువులో నీళ్లు ఇంకిపోతాయి, కాలవలో నీళ్లు ఆగిపోతాయి, బోరులో నీళ్లు అయిపోతాయి. పొద్దున పోయిన నీళ్లు సాయంత్రానికి తిరిగి రావడం ఏ తాతా చూడలేదు. అందుకని ఒకే రోజు సముద్రం రెండు చోట్ల ఉందంటే ఇద్దరిలో ఒకరు అబద్ధాలకోరే.

అసలు చిక్కు బోర్ల దగ్గర వచ్చింది. వాళ్లకున్న చేనులో మూడు బోర్లు వేశారు. మొదటి రెండూ తిమ్మయ్య చూపించిన చోట, మెరకలో. రెండింటిలోనూ దుమ్ము లేచింది. మూడోది సిద్దమ్మ పట్టుబట్టి, వాన నీళ్లు పారే వంక పక్కన వేయించింది. పొద్దున నీళ్లు పోసింది. మధ్యాహ్నానికి దగ్గి, గాలి కక్కి, ఆగిపోయింది. తన రెండు బోర్ల అవమానం అలాగే ఉన్న తిమ్మయ్యకు అది పండగ. "నీ బోరు కూడా పాయె," అని అదే రోజు మోటారు పైకి లాగించి, బోరు నోటి మీద నల్లటి కడప బండ మూతేశాడు. అది జరిగి రెండేళ్లయింది. ఇప్పుడు నాలుగో బోరు మళ్లీ మెరకలోనే అని అతను, వంక పక్కనే అని ఆమె. ఇదీ పోతే ఇంక బోరు మాట ఎత్తేది లేదు, చేనులోని చీనీ చెట్లు, అదే బత్తాయి చెట్లు, కొట్టేయడమే. ట్యాంకరు నీళ్లు కొని పిల్లల్లా పెంచిన చెట్లు. వాటి సంగతి వస్తే మాత్రం ఇద్దరి గొంతులూ తగ్గిపోయేవి.

ఆ సమయంలో సిద్దమ్మ అన్న కొడుకు భూపేష్ దగ్గర్నుంచి పిలుపొచ్చింది. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు, కొత్తింట్లో పాలు పొంగిస్తున్నాడు, అత్తా మామా ఇద్దరూ రావాలి.

ఈ కబురు ఊళ్లో సోమక్క నడిపే టీ కొట్టుకు చేరేసరికి గిరాకీ రెండింతలైంది. సోమక్క గరిటె తిప్పుతూ తీర్పు చెప్పింది.

"సముద్రంలో నీళ్లు యాడుండాయో తెలీనోళ్లకు భూమిలో నీళ్లు యాడుండాయో ఏం తెలుస్తాది? పోయి ఫోటో పట్టుకోని రాండి. రాళ్లుంటే తిమ్మయ్య చెప్పిన కాడ బోరు, ల్యాకుంటే సిద్దక్క చెప్పిన కాడ."

"రాళ్లు యాడికి పోతాయి? ఏమన్నా మేకలా?" అని తిమ్మయ్య మీసం దువ్వాడు.

గుంతకల్లులో రైలెక్కి ఇద్దరూ విశాఖపట్నం చేరారు. పాలు పొంగాయి, భోజనాలయ్యాయి. సాయంత్రం భూపేష్ ఇద్దరినీ బీచికి తీసుకుపోయాడు. తిమ్మయ్య కారు దిగి, గోడ దాకా గబగబా నడిచి, అక్కడే నిలబడిపోయాడు. రాయి లేదు. ఇసుక కూడా లేదు. అల వచ్చి మెట్టును కొట్టి, అతని పంచె తడిపి పోయింది.

"ఏమప్పా, రాయి మీద కూచుంటావా, కుర్చీ తెప్పించేదా?" అన్నది సిద్దమ్మ. అతన్ని మెట్టు మీద నిలబెట్టి ఫోటో కూడా తీయించుకున్నది. ఆ ఫోటోలో తిమ్మయ్య ముఖం ఆముదం తాగినట్టుంది.

ఆమె మొక్కజొన్న కంకులు కొనడానికి పోగానే అతను భూపేష్ చెయ్యి పట్టుకున్నాడు. "ఏమప్పా, నిజం చెప్పు. యాడన్నా డ్యాము గేట్లెత్తినారా?"

భూపేష్ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు. "గేట్లు ఎవురూ ఎత్తరు మామా. సముద్రం రోజుకు రెండు తూర్లు ముందుకొస్తాది, రెండు తూర్లు ఎనక్కి పోతాది. వచ్చేదాన్ని పోటు అంటారు, పోయేదాన్ని ఆటు అంటారు. అంతా చందమామ చేసే పని. రాళ్లు ఈ నీళ్ల కిందనే ఉండాయి. రేపు మద్యాన్నం లోపల రా, కనపడతాయి."

"వచ్చిన నీళ్లు పోతాయా? పోయినవి మళ్లా వస్తాయా?"

"అదే రోజు."

తిమ్మయ్య నోరు తెరుచుకుని సముద్రం వైపు చూశాడు. పోయినవి మళ్లీ వస్తాయట, అడిగేవాడు లేకుండానే, వంతు లేకుండానే. తమ ఊరికి లేని భోగం ఈ ఉప్పునీళ్లకా అని కడుపు మండింది. ఆ వెంటనే బుర్ర పనిచేసింది. తను చూసింది నిజం. అంటే ఆమె చూసిందీ నిజమేనన్న ముక్కను తెలివిగా పక్కకు నెట్టేశాడు. రేపు నీళ్లు వెనక్కి పోయిన వేళకు ఆమెను రాయి మీద నిలబెట్టి ఫోటో తీస్తే చాలు.

"మీ అత్తకు చెప్పొద్దు," అన్నాడు.

"దేవుని మీద ఒట్టు," అన్నాడు భూపేష్. ఏ దేవుడో చెప్పలేదు. కంకులకు డబ్బులిచ్చి వస్తానని అత్త దగ్గరికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే తిమ్మయ్య పంచె కట్టి తయారు. సిద్దమ్మ మాత్రం తయారు కాలేదు. తలంటు పోసుకుంటానన్నది. పోసుకుంది. తల ఆరాలన్నది. ఆరింది. కొత్త చీర కుచ్చిళ్లు కుదరలేదని విప్పి మళ్లీ కట్టింది. ఎన్నడూ లేనిది దేవుడి పటం ముందు అరగంట కూర్చుంది. ఇడ్లీలు ఒక్కొక్కటే, చిన్నపిల్లకు తినిపించినట్టు తనకు తాను తినిపించుకుంది.

"ఏమే, సముద్రం చూసేకి పోతాండామా, పెండ్లిచూపులకు పోతాండామా?"

"సముద్రం యాడికి పోతాది అప్పా? ఏమన్నా మేకనా?"

తిమ్మయ్య గడియారం వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. మూల కూర్చున్న భూపేష్ ముఖానికి అడ్డంగా పేపరు పట్టుకుని ఉన్నాడు. ఆ పేపరు వణుకుతోంది. తిమ్మయ్యకు అనుమానం రావాల్సింది, తొందరలో రాలేదు.

మొత్తానికి భోజనం కూడా అయ్యాక ఆటో ఎక్కారు. పోయేసరికి రాళ్లు ఉన్నాయి, కానీ నడుము లోతు మునిగి ఉన్నాయి. పైన నల్లటి వీపులు మాత్రం మెరుస్తున్నాయి.

"అవిగో రాళ్లు," అని తిమ్మయ్య కేకేశాడు.

సిద్దమ్మ కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "అవి రాళ్లా? ఎనుములు గదా. ఎవురో నీళ్లలోకి తోలినట్టుండారు."

"సముద్రంలో ఎనుములు యాడియే?"

"సముద్రంలో రాళ్లుండంగా ఎనుములు ఉండగూడదా?"

ఫోన్ తీశాడు. ఫోటో తీశాడు. అతని అదృష్టానికి ఆ ఫోటోలో కూడా అవి బర్రెల్లాగే పడ్డాయి. ఇంకోటి తీసేలోగా పెద్ద అల వచ్చి సగం వీపులు మాయం చేసింది. ఇంక చేసేదేమీ లేక ఇద్దరూ మెట్ల మీద కూలబడ్డారు. అల వెంట అల, నీళ్లు పైకి జరుగుతూ వచ్చాయి. ఒక్కో వీపు మునిగింది. చివరికి అతను ముప్పై ఏళ్ల కింద బీడీ కాల్చిన పెద్ద రాయి కూడా మునిగిపోయింది.

"చూస్తివి కదా, మునిగె," అన్నాడు తిమ్మయ్య నీరసంగా. "మళ్లా తేల్తాయిలే."

"రేపు మద్యాన్నానికి గదా తేలేది? ఆ పొద్దుకు మనం రైలు కాడ ఉంటాము," అన్నది సిద్దమ్మ, కంకి ఒలుచుకుంటూ.

తిమ్మయ్య మెల్లగా తల తిప్పాడు. "నీకు తెల్సా?"

"కంకులు కొనిచ్చే కాడ భూపేషు చెప్పినాడు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నా."

అంటే తలంటూ, కుచ్చిళ్లూ, దేవుడూ, ఇడ్లీలూ అన్నీ నీళ్లు తిరిగి రావడానికి పెట్టిన గడువు. తిమ్మయ్యకు మొదట కోపం వచ్చింది. తర్వాత, తనూ అదే పని చేయబోయాడని గుర్తొచ్చి నవ్వు వచ్చింది. అతను నవ్వితే ఆమె కూడా నవ్వింది. కంకి గింజలు గొంతుకు అడ్డం పడి దగ్గేదాకా నవ్వింది.

నవ్వు ఆగాక సిద్దమ్మ కంకి పక్కన పెట్టింది. "ముప్పై ఏండ్లు నిన్ను అబద్దాలోడనుకున్నా," అన్నది.

"నేనూ అంతే," అన్నాడు తిమ్మయ్య. కట్టుకున్నదాన్ని ముప్పై ఏళ్లు నమ్మకపోవడం అంటే ఎంతో ఆ మెట్టు మీద కూర్చున్నాక తెలిసింది. సిగ్గేసింది.

ఆ సిగ్గు వెనకే ఇంకొకటి వచ్చింది. పోయిన నీళ్లు అదే రోజు తిరిగి వస్తాయంటే, వంక పక్క బోరు సంగతేమిటి? పొద్దున పోసి, మధ్యాహ్నం ఆగింది. సాయంత్రం దాకా ఆగి చూశాడా? చూడలేదు. ఎందుకు చూడలేదు? అది ఆమె బోరు కాబట్టి. ఈ ఆలోచన ఆమెకు తట్టకపోతే బాగుండునని సింహాచలం అప్పన్నకు మనసులోనే మొక్కుకున్నాడు.

ఆమె ఏమీ అనలేదు. రాత్రి అనలేదు, మర్నాడు రైలెక్కేదాకా అనలేదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు తిమ్మయ్యే ఉండలేకపోయాడు. ఎదురుగా చీనీపండు ఒలుస్తూ ఆమె, అతని కళ్ల ముందు ఎండుతున్న వాళ్ల చెట్లు. నంద్యాల దాటాక నోరు విప్పాడు.

"ఏమే. ఆ వంక బోరు... నేను తొందరపడి మూసినానేమో. పోయి బండ తీద్దాం."

"తీసినారు," అన్నది సిద్దమ్మ, అతని చేతిలో ఒక తొన పెడుతూ. "మొన్న బీచి కాన్నుంచే వీరభద్రకు ఫోన్ చేసినా. బండ జరిపి గులకరాయి ఎయ్యమన్నా. ఫోన్ బోరు నోటి కాడ పెట్టమన్నా. బుడుంగుమనింది. నా చెవులతో విన్నా."

వీరభద్రది పక్క చేను. తిమ్మయ్య తొన నోట్లో పెట్టుకోకుండానే అడిగాడు. "మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావా, చెప్పవా అని చూస్తాండా," అన్నది. "చెప్తివి. శానా దూరం వచ్చినాక చెప్తివి."

ఊరు చేరిన మర్నాడు వీరభద్ర తన పాత మోటారు దించి స్విచ్చి వేశాడు. పైపు సగానికి నీళ్లు వచ్చాయి. చెట్ల పాదుల్లోకి దిగాయి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పైపు దగ్గి, గాలి కక్కి, ఆగిపోయింది.

"పాయె గదప్పా," అన్నాడు వీరభద్ర.

"పోలేదు. ఇది ఆటు," అన్నాడు తిమ్మయ్య. వీరభద్రకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. తిమ్మయ్య మోటారు ఆపి, పక్కకు జరిపిన నల్ల బండ మీద తువ్వాలు పరిచి, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నీళ్లు పోయినచోట ఆగి కూర్చోవడం అతని బతుకులో అదే మొదటిసారి.

సిద్దమ్మ సద్ది తీసుకుని వచ్చి అతన్ని చూసి నిలబడిపోయింది. కొంగులోంచి ఫోన్ తీసి ఫోటో తీసింది.

"రాయి మీద కూచున్నావు గదప్పా," అన్నది. "ఈ తూరి నేను కూడా చూసినా."

బండ మీద కాస్త జరిగి చోటిచ్చాడు. ఇద్దరూ అక్కడే తిన్నారు, అక్కడే ఎదురుచూశారు. పొద్దు వాలాక స్విచ్చి వేస్తే పైపు గుడగుడమని, కాసేపు సతాయించి, నీళ్లు పోసింది. ఇద్దరూ వాటిలో చేతులు పెట్టారు. సిద్దమ్మ ఏడ్చింది. తిమ్మయ్య ముఖం కడుక్కుంటున్నట్టు చాలాసేపు కడుక్కున్నాడు.

ఆ రాత్రి సోమక్క టీ కొట్టు దిగులుగా ఉంది. మొగుడూ పెళ్లామూ ఒకటైపోతే ఇంక టీలు ఎలా అమ్ముకోవాలని. ఆ దిగులు తెల్లవారేదాకా కూడా నిలవలేదు. పైపులోంచి వచ్చిన నీళ్లు ముందు తనే చూశానని తిమ్మయ్య, కాదు తనేనని సిద్దమ్మ పొద్దున్నే కొట్టు దగ్గరికి పంచాయితీకి వచ్చారు. సోమక్క ఇంకో సేరు పాలు తెప్పించింది.