డ్రమ్ము కింద స్టాండ్లు

మావారు లెక్కల మాస్టారు, నేను వేరే బడిలో టీచర్ని. లెక్క కుదిరితే వస్తువు దానంతటదే నిలబడుతుందని ఆయన నమ్మకం. రెండువేల ఐదు ప్రాంతంలో, బాపట్ల నుంచి రేపల్లెలోని మా ఆడపడుచు ఇంటికి తిరగడానికి పనికొస్తుందని ఒక పాత వ్యాను కొన్నాం. అమ్మినాయన తాళాలు చేతికిస్తూ బండి బంగారం అన్నాడు. ఆ బంగారానికి నెలకోసారి సైలెన్సరు ఊడేది.

బండిని మెకానిక్కుకు చూపించడం మావారికి నామోషీ. రిపేర్ల పుస్తకం ఒకటి సంపాదించి, ఆదివారం చర్చి నుంచి రాగానే లుంగీ కట్టుకుని వ్యాను కిందికి దూరేవారు. బండితో వచ్చిన మర జాకీతో ఒక పక్క ఎత్తి, కింద నాలుగు ఇటుకలు పేర్చేవారు. వ్యాను బరువులో పావు వంతే ఇటుకల మీద పడుతుందనీ, ఇటుక అంతకు మూడింతలు మోస్తుందనీ చాక్‌పీసుతో అరుగు మీద వేసి మరీ నాకు నిరూపించారు. మా బాపట్ల ఇసుక నేల సంగతి ఆ లెక్కలోకి రాలేదు. ఒక ఆదివారం నేల కుంగి, పై ఇటుక నిలువునా చిట్లింది. వ్యాను బెత్తెడు దిగి ఆగింది. నాకు బయటికి కనపడుతున్నవి ఆయన కాళ్ళు రెండే. కాసేపటికి అవి కదిలాయి. ఆయన బయటికి వచ్చి దుమ్ము దులుపుకుంటూ, ఈ మధ్య ఇటుకల నాణ్యత బొత్తిగా పడిపోయిందన్నారు.

 ఈయన లేకపోతే నేనేమైపోతానన్న ఆలోచన పెళ్ళయిన పదిహేనేళ్ళకు ఆ రోజే మొదటిసారి వచ్చింది. ఆ వచ్చింది మళ్ళీ పోలేదు. మానమంటే మానే మనిషి కాదు కాబట్టి, సరైన సామానైనా కొనాలని పట్టుబట్టాను.

మా పుట్టిల్లు అంగలకుదురు. అక్కణ్ణించి తెనాలి వెళ్ళే దారిలో ఒక పెద్దాయన షెడ్డు ఉండేది. సాయిబుగారని ఊరంతా గౌరవంగా పిలిచే మెకానిక్కు. నేను బాబాయిగారనేదాన్ని. శనివారం ఒంటిపూట బడి కాగానే మావారిని వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళి, మంచి జాకీ ఏదో చెప్పమన్నాను. బండి కిందికి దూరేది ఎవరని అడిగారు. మావారిని చూపించాను. ఆయన మావారిని తల నుంచి కాళ్ళ దాకా చూశారు.

"జాకీ ఎత్తడానికేనమ్మా, మొయ్యడానికి కాదు. మోసేవి స్టాండ్లు. అవి లేకుండా దూరితే, ఆ తర్వాత నలుగురు మొయ్యాల్సొస్తది" అన్నారు.

మావారు ఇబ్బందిగా నవ్వారు. నేను నవ్వలేదు.

ముగ్గురం తెనాలి బజార్లో సామాన్ల కొట్టుకు వెళ్ళాం. అక్కడ చక్రాల మీద దొర్లే ఎర్ర ట్రాలీ జాకీ ఒకటి, దున్నపోతంత ఉంది. మూడు టన్నులది. మావారి కళ్ళు దాని మీద పడ్డాయి, మళ్ళీ లేవలేదు. మా వ్యానుల్లాంటివి మూడింటిని మోస్తుందని లెక్క కట్టారు. మాకున్నది ఒక్కటేనని గుర్తుచేశాను. అప్పుడు సాయిబుగారు చాలా మర్యాదగా, "మీ బండి కింద ఖాళీ ఎంతుంటదండి, మాస్టారూ?" అని అడిగారు.

మావారి దగ్గర ఆ అంకె లేదు. ప్రపంచంలో ఉన్నవన్నీ లెక్కకట్టిన మనిషి, బండి కిందికి అన్నిసార్లు దూరిన మనిషి, అది మాత్రం కొలవలేదు. జాకీ ఎన్ని టన్నులు ఎత్తుతుందన్నది తర్వాతి మాట, అసలు అది బండి కిందికి దూరుతుందా అని ముందు చూడాలన్నారు సాయిబుగారు. టైరులో గాలి తీసి కూడా కొలిచి రమ్మన్నారు, పంచరైన రోజున బండి ఇంకా కిందికి ఉంటుంది గనుక. ఆ పూటకు ప్యాసింజరు ఎక్కి ఉత్తచేతులతో బాపట్ల వచ్చాం. మావారు బడి నుంచి చెక్క స్కేలు తెచ్చి కొలిచారు. దున్నపోతు మూతి మా వ్యాను కింద పట్టదని తేలింది.

తర్వాతి శనివారం మళ్ళీ వెళ్ళి, తల తక్కువ ఎత్తులో ఉండి, లోపలి నూనె ఒత్తిడితో ఎత్తే రెండు టన్నుల చక్రాల జాకీ, నాలుగేసి కాళ్ళున్న ఇనప స్టాండ్లు రెండు తీసుకున్నాం. స్టాండ్లలోనూ రకాలున్నాయి. మీట నొక్కితే పైకీ కిందికీ జరిగేది ఒకటి. కావలసిన ఎత్తులో బెజ్జంలోంచి లావుపాటి పిన్ను దోపేది ఇంకొకటి. సాయిబుగారు రెండోదాన్నే తిరగేసి, అతుకులు వేలితో తడిమి చూశారు. మీట లోపల పళ్ళు పట్టిందీ లేనిదీ తెలియదనీ, పిన్నయితే కంటికి కనపడుతుందనీ చెప్పారు. తను ముప్పయ్యేళ్ళుగా బండ్ల కింద పడుకుంటున్నాననీ, ఇంకా లేస్తున్నానంటే వీటి చలవేననీ అన్నారు. జాకీ ఎత్తేటప్పుడు దాని చక్రాలు కాస్త దొర్లాలట, ఇసుకలో దొర్లవట. అందుకని ఇంటికి రాగానే పెరట్లో వ్యాను నిలిపే చోట నాపరాళ్ళు పరిపించాం. ఇక నా ప్రాణానికి నిశ్చింత అనుకున్నాను.

మా అత్తగారిని నేను లెక్కలో వేసుకోలేదు. నెలకోసారి పనికొచ్చే ఇనప సామాను మిగతా రోజులు ఖాళీగా నిలబడి ఉండటం ఆవిడకు మింగుడుపడలేదు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆవిడ వంగలేరు. పెరట్లో నీళ్ళ డ్రమ్ము నేల మీద ఉండేది, మగ్గు ముంచడానికి నానా అవస్థ పడేవారు. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి స్టాండ్ల మీద మందపాటి చెక్క, చెక్క మీద డ్రమ్ము. మగ్గు సరిగ్గా ఆవిడ చేతికి అందుతోంది. బండికి చక్రాలున్నాయి కదా, దానికి మళ్ళీ కాళ్ళెందుకన్నారు. మావారు అమ్మ మాట కాదనలేదు. డ్రమ్ము ఖాళీ అయిన రోజు చూసుకుని రిపేరు పెట్టుకునేవారు. మా ఊళ్ళో కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది కాబట్టి, ఆ లెక్క కూడా ఆయనకు కుదిరింది.

రెండేళ్ళు అలాగే గడిచాయి. ఒక శనివారం, మర్నాడు రేపల్లెలో ఆడపడుచు కొత్తింటి ప్రార్థన ఉందనగా, సైలెన్సరు మళ్ళీ ఊడింది. ఆ పొద్దున్నే డ్రమ్ము నిండింది. నేను బడి నుంచి వచ్చేసరికి వ్యాను జాకీ మీద ఉంది. కింద ఆయన కాళ్ళు ఉన్నాయి. స్టాండ్లు డ్రమ్ము కిందే ఉన్నాయి.

స్టాండ్లు ఏవని అడిగాను. డ్రమ్ము నిండుగా ఉందనీ, రెండు నిమిషాల పనేననీ కిందినుంచి వినపడింది.

 సంచి గోడవారగా పెట్టి, రెండు చేతులా డ్రమ్మును ఒక పక్కకు తోసేశాను. నీళ్ళన్నీ నాపరాళ్ళ మీదుగా నేరుగా వ్యాను కిందికి పోయాయి. చెబితే రాని మనిషి వీపు తడవగానే వచ్చారు. అత్తగారు గుమ్మంలోకి వచ్చి, "ఎల్లుండి దాకా చుక్క నీళ్ళు రావు. నీకేమన్నా పిచ్చి పట్టిందా అమ్మాయ్?" అన్నారు.

పట్టిందన్నాను. స్టాండ్లు ఈడ్చుకొచ్చి మావారి ముందు పడేశాను. ఆయన మొహం ముడుచుకుని వాటిని బండి కింద పెట్టి, పిన్నులు దోపారు. నా మీద కోపంతో జాకీని దించకుండా అలాగే వదిలేసి, తడి లుంగీ మార్చుకోవడానికి లోపలికి వెళ్ళారు. అత్తగారు నన్ను ఇంకా తిడుతూనే టీ పెట్టారు. తాగి ముగ్గురం బయటికి వచ్చాం.

జాకీ కూర్చుండిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు. దాని కింద నాపరాయి మీద నూనె మరక. వ్యాను రెండు స్టాండ్ల మీద నిలబడి ఉంది. దాని అడుగుకూ జాకీ తలకూ మధ్య బెత్తెడు ఖాళీ.

మావారు గొంతుక్కూర్చుని ఆ ఖాళీలోకి చెయ్యి పెట్టి చూశారు. తర్వాత చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. లెక్క ఏమీ చెప్పలేదు. నేను తడి నాపరాయి మీదే కూలబడ్డాను. అత్తగారు ఆ ఖాళీని చూశారు, కొడుకును చూశారు. "నీళ్ళు ఎల్లుండి వస్తాయిలే అమ్మాయ్" అన్నారు.

మర్నాడు రేపల్లెకు బస్సులో వెళ్ళాం. ఆ వారమే జాకీని తెనాలి తీసుకెళ్ళి వాషర్లు మార్పించాం. పెరట్లో డ్రమ్ముకు సిమెంటు దిమ్మ కట్టించాను.

స్టాండ్ల పిన్నులు రెండూ ఆ రోజు నుంచి అత్తగారి బైబిలు సంచిలో ఉండేవి. అడిగితే ఇచ్చేవారు కాదు. మావారు వ్యాను ఎత్తి, స్టాండ్లు పెట్టి, అమ్మను పిలవాల్సిందే. మగ్గు నీళ్ళకు వంగలేని ఆ మనిషి నా భుజం పట్టుకుని మెల్లగా నేలదాకా వంగి, రెండు పిన్నులూ తన చేత్తోనే దోపి, ఒకసారి లాగి చూసి, "ఇప్పుడు దూరు" అనేవారు.