నాలో లేని ఎంజైమ్

పుట్టిన నెల తిరగకముందే ఇంట్లో గుడ్డలు పాడుచేసే మనిషినని పేరు తెచ్చుకున్నాను. పసిపిల్లల గుడ్డలు ఎవరింట్లోనైనా పాడవుతాయి. నావి నల్లబడేవి. తడిసినప్పుడు మామూలుగానే ఉండి, కాసేపు గాలికి పడి ఉంటే అంచుల నుంచి మొదలై బొగ్గునీళ్ళు ఒలికినట్టు అయ్యేవట. అమ్మ సబ్బు పెట్టి రుద్దేది. సబ్బు తగిలితే ఇంకా నల్లబడేవి. అప్పుడు సోడా వేసి ఉడకబెట్టేది. ఆ తర్వాత వాటి సంగతి చెప్పనక్కర్లేదు. అమ్మ ఓటమి ఒప్పుకునే మనిషి కాదు కనుక మరుసటి రోజు సోడా ఇంకొంచెం ఎక్కువ వేసేది.

మాది వేంసూరు దగ్గర పల్లె. వరి పండించే ఇల్లు. అమ్మ, నాన్నకు సొంత మేనత్త కూతురు. మా ఇళ్ళల్లో అది విశేషమేమీ కాదు, బయటి సంబంధం చేసుకుంటేనే ఎందుకని అడిగేవారు. నేను దుక్కలా పెరిగాను. జ్వరం రాదు, నొప్పి లేదు, దూడపిల్లలా పరుగెత్తేదాన్ని. నీళ్ళు పోసుకునే చోట సున్నం వేసిన గోడ అడుగున మాత్రం నల్లటి మరకలుండేవి. ఎవరైనా చుట్టాలొస్తున్నారంటే అమ్మ ముందు ఆ గోడకు సున్నం కొట్టేది. సున్నం కూడా సోడా లాంటిదేనని, దాని మీదే ఆ మరక బాగా పట్టేదని ఆమెకు తెలియదు.

ఆడపిల్ల సంగతి, బయట పొక్కితే రేపు ఎవరు చేసుకుంటారని అమ్మ భయం. అందుకని నన్ను ఎవరింట్లోనూ రాత్రి ఉంచేది కాదు. పెళ్ళిళ్ళకు వెళ్తే నా ఈడు ఆడపిల్లలంతా పందిట్లో చాపలు పరుచుకుని వరసగా పడుకుని గుసగుసలాడుకునేవారు. నేను అప్పటికే అమ్మ చేయి పట్టుకుని ఆఖరి బస్సులో ఉండేదాన్ని. ఆ పిల్లలు ఏం మాట్లాడుకునేవారో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్ద రహస్యాలేమీ ఉండవని తెలుసు. అయినా వినాలని ఉండేది.

నేను బడికి వెళ్ళే రోజుల్లో, డెబ్బైల మొదట్లో, నాన్న ఇక లాభం లేదని సత్తుపల్లిలో ఒక డాక్టరుకు చూపించాడు. ఆయన నా మూత్రాన్ని నీలం మందులో పోసి కాచాడు. రంగు మారింది. రంగు మారితే షుగరే అన్నాడు. అప్పటికి ఆయన చేతిలో ఉన్న పరీక్ష అదొక్కటే, దాన్ని నా మూత్రం తేలిగ్గా మోసం చేసింది. ఆ రోజు నుంచి నాకు బెల్లం లేదు, చక్కెర లేదు, పండగ అరిసె లేదు. అన్నం సగం చేశారు. పిల్ల చిక్కిపోతుందని ఆ సగానికి బదులు రెండు పూటలా ముద్దపప్పు, కోడిగుడ్లు, ఉలవచారు, ఆదివారం మాంసం. గుడ్డలు మునుపెన్నడూ లేనంత నల్లబడ్డాయి. అమ్మ దానికి కూడా షుగరునే తిట్టింది.

ఇక్కడ బావ గురించి చెప్పాలి. అమ్మకు అన్న కొడుకు, కుసుమంచి దగ్గర వాళ్ళ ఊరు. నేను పుట్టిన రోజునే ఇది వాడికి అని అమ్మమ్మ అనేసింది, ఎవరూ కాదనలేదు, మా ఇద్దరినీ అడగలేదు. ఒక పెళ్ళిలో అందరికీ బూరెలు వడ్డిస్తుంటే చూసి నోరూరుతుందని అమ్మ నన్ను అరుగు చివర కూర్చోబెట్టి, ఇంటి నుంచి డబ్బాలో తెచ్చిన అన్నం, పప్పు పెట్టింది. బావ తన విస్తరి ఎత్తుకొచ్చి నా పక్కన వేసుకున్నాడు. అందులో బూరె లేదు. ఎందుకొచ్చావంటే ఇక్కడ గాలి బాగా వస్తుందన్నాడు. ఆకు కూడా కదలని ఎండాకాలం అది. ఆ పూట నుంచి అమ్మమ్మ మాటకు నేను కూడా ఒప్పుకున్నట్టే.

ఖమ్మంలో డిగ్రీ చదువుతున్నప్పుడు మా లెక్చరరు ఒకాయన మాంసకృత్తుల పాఠం చెప్పాడు. ఆయన చెప్పే తీరు నాకిష్టం. పాత పెంకుటిల్లు విప్పుతారు చూడండి అనేవాడు. మనం తిన్న పప్పునూ గుడ్డునూ కడుపు అలాగే విప్పుతుంది. పొట్టలో గోడలు పడతాయి, చిన్న పేగులో పెంకు పెంకూ, వాసం వాసం విడిపోతాయి. ఆ విడి ముక్కలే అమైనో ఆమ్లాలు. అవి రక్తంలో పడి కాలేయానికి చేరతాయి. ఒళ్ళు వాటితో తనకు కావలసిన కొత్త ఇల్లు కట్టుకుంటుంది. కందిపప్పు ఇలా నా కండ అవుతుంది, నా గోరు అవుతుంది. మిగిలినదాన్ని దాచుకునే చోటు లేదు, కనుక కాల్చేస్తుంది. అందులోని నత్రజని యూరియాగా మారి మూత్రంలో పోతుంది.

కాల్చడం ఒక్క దెబ్బతో జరిగే పని కాదట. టైరోసిన్ అనే ముక్కను తీసుకుని ఆయన బోర్డు మీద బాణాలు గీశాడు. ఒక్కో బాణానికీ ఒక్కో ఎంజైమ్. ఒకరు చేసిన పనిని మరొకరు అందుకోవాలి. మధ్యలో ఒక బాణాన్ని చేత్తో తుడిచేశాడు. కొందరికి పుట్టుకతోనే ఈ ఎంజైమ్ ఉండదు, సగం కాలిన సరుకు ఇక్కడే ఆగిపోయి మూత్రంలో వచ్చేస్తుంది, గాలి తగిలినా సబ్బు తగిలినా నల్లబడుతుంది అన్నాడు. నల్లటి మూత్రం అనేసరికి క్లాసంతా గొల్లుమంది. ఇది ఎంత అరుదంటే మీరెవరూ జన్మలో చూడరని కూడా అన్నాడు. అంత దూరం పోనక్కర్లేదు, మూడో బెంచీలో కూర్చుని ఉంది.

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. నా జబ్బుకు ఒక పేరుంది, ఆల్కాప్టోన్యూరియా. ఇన్నేళ్ళూ నాకు గాలి సోకిందనీ, నా మీద ఎవరి కన్నో పడిందనీ ఇంట్లో అన్నవాళ్ళందరికీ చూపించదగ్గ పేరు. ఆ సంతోషంతో పాటే ఇంకోటి కూడా అర్థమైంది. ఆ గదిలోనే కాదు, నేను ఎక్కే బస్సులో, నడిచే బజారులో, పోబోయే ఏ ఊళ్ళోనూ నాలాంటివాళ్ళు ఉండరు. బోర్డు మీది ఖాళీని చూస్తూ అలాగే కూర్చున్నాను.

మరునాడు ఆయనతో విడిగా చెప్పాను. పాపం, చెవుల దాకా ఎర్రబడ్డాడు. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానాకు వెళ్ళమన్నాడు. నాన్న నన్ను తీసుకెళ్ళాడు. అక్కడి పెద్ద డాక్టరు గొట్టంలో నా మూత్రం పోసి ఏదో మందు చుక్క వేస్తే మా కళ్ళ ముందే నల్లబడింది. ఆయన సంబరానికి హద్దు లేదు. పిల్ల డాక్టర్లందరినీ పిలిచాడు, వాళ్ళు వరస కట్టి గొట్టాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. షుగరు లేదు, ఎప్పుడూ లేదు. తీపి ఎంతైనా తినొచ్చు, తగ్గించుకోవలసింది పప్పు, గుడ్లు, మాంసం. లేని ఎంజైమ్‌ను ఎవరూ తెచ్చి పెట్టలేరు. ప్రాణానికి భయం లేదు, నడివయసులో నడుమూ కీళ్ళూ పట్టేస్తాయి. చివరికి నాన్న వైపు తిరిగి, మీ భార్యాభర్తలిద్దరూ చుట్టాలా అని అడిగాడు.

ఈ లోపం చెరి సగం పంచుకుని రావాలట. సగం ఉన్నవాళ్ళకు ఏమీ కాదు, తమలో ఉందని కూడా తెలియదు. రెండు సగాలూ కలిస్తే నాలాంటి పిల్ల. ఒకే రక్తంలో పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళలో ఆ సగాలు కలవడం తేలిక. తిరుగు ప్రయాణంలో నాన్న బస్టాండులో మైసూర్‌పాక్ పొట్లం కొన్నాడు. నేను ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాను. నాన్న కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

చదువు అయిపోగానే మామయ్య ముహూర్తం మాట్లాడటానికి వచ్చాడు. నేను చేసుకోనన్నాను. కారణం కూడా చెప్పాను. అమ్మలో ఒక సగం ఉంది. అమ్మకు అన్న కనుక మామయ్యలోనూ ఉండొచ్చు, అక్కడి నుంచి బావకూ వచ్చి ఉండొచ్చు. ఉందో లేదో చెప్పే పరీక్ష ఆ రోజుల్లో లేదు. మామయ్య, మా రక్తానికి వంకలు పెడతావా అని కండువా దులుపుకుని లేచాడు. అమ్మ వారం పాటు నాతో మాట్లాడలేదు.

బావ ఒక్కడే ఒకసారి వచ్చాడు. పొలంలో మోటారు దగ్గర మాట్లాడుకున్నాం.

"పుడితే పుడుద్ది. నువ్వు బతుకుతలేవా?" అన్నాడు.

"బతుకుతున్న. నాలెక్క ఇంకో పిల్ల బతకొద్దనే చెప్తున్న" అన్నాను.

ఇంకాసేపు నిలబడితే నేను మెత్తబడేదాన్నే. ఆయన నిలబడలేదు. గట్టు మీద నడిచి వెళ్ళిపోయాడు. ఆయనంటే నాకు ప్రాణం. ఆ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, చెప్పవలసిన అవసరం ఉంటుందని తోచలేదు.

పెద్దామె కూతురు కాదంటే చిన్నామె కూతురు. మా పిన్ని కూతురిని బావకు ఖాయం చేశారు. ఆ పిల్లదీ అదే రక్తమని నేను నోరు తెరిచాను. తనే వద్దని ఇప్పుడు పక్కదాన్ని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోందని పిన్ని ఊరంతా చెప్పింది. ఇక నోరు మూసుకున్నాను. పెళ్ళికి వెళ్ళాను, అక్షింతలు వేశాను, అలవాటు ప్రకారం ఆఖరి బస్సుకు వచ్చేశాను.

తర్వాత ఉద్యోగం వచ్చింది. భద్రాచలం దాటి దుమ్ముగూడెం దారిలో, అడవి అంచున ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరు. అందరూ వద్దనుకునే చోటు కనుక నాకు తేలిగ్గా దొరికింది. పిల్లలు నాతో తెలుగులో, తమలో తాము కోయలో మాట్లాడుకునేవారు. వాళ్ళ మాట నాకు పట్టుబడలేదు, వాళ్ళ నవ్వులకు కారణం సగం తెలిసేది కాదు. సాయంత్రం బస్సు వెనక్కి వెళ్ళిపోయాక నా గదిలో నేనొక్కదాన్నే. గుప్పెడు పప్పు వండుకుంటే రెండు రోజులొచ్చేది. ఒంటరిగా ఉండేదాన్ని. ఆ మాటను అటూ ఇటూ తిప్పి చెప్పను. జబ్బుపడితే గ్లాసు నీళ్ళిచ్చేవాళ్ళు లేరన్నది పెద్ద బాధ కాదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పేవాళ్ళు లేరు, అదీ బాధ.

ప్రతి ఏడూ జీర్ణక్రియ పాఠం చెప్పేదాన్ని. పిల్లల పళ్ళెంలోని పప్పునే చూపించి, పొట్ట, చిన్న పేగు, కాలేయం అంటూ వెళ్ళేదాన్ని. పుస్తకంలో పాఠం యూరియాతో అయిపోయేది, నా దాకా వచ్చేది కాదు. ముప్పై దాటాక చెవి తమ్మెల పైన గట్టి భాగం నీలంగా మారింది. టీచర్ చెవి వెనక సిరా అయింది అని ఒక పిల్ల ఎంతో మర్యాదగా చెప్పింది. తుడుచుకున్నట్టు నటించాను. అప్పటికి పొద్దున్నే నడుము వంచడం కష్టమయ్యేది.

బావకు మొదట కొడుకు, తర్వాత కూతురు పుట్టారు. ఇద్దరూ బంగారంలా ఉన్నారని పిన్ని పనిగట్టుకుని కబురు చేసింది. సంతోషించాను, నిజంగానే. కానీ ఆ కబురు విన్న రోజున అన్నం సహించలేదు. ఆ పిల్లలు నా పిల్లలై ఉండొచ్చు కదా అనిపించింది. అంత భయపడి ఉండకూడదేమో అనిపించింది. మళ్ళీ నన్ను నేనే కసురుకుని బడికి వెళ్ళాను.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం ఆదివారం, పొద్దుటి బస్సులో బావ, ఆయన భార్య అయిన పిన్ని కూతురు, మా చెల్లి దిగారు. చెప్పాపెట్టకుండా వచ్చారు. చెల్లి భుజం మీద మూడో కాన్పు పిల్ల నిద్రపోతోంది. బావ దడి దగ్గరే ఆగిపోయాడు. చెల్లి లోపలికి వచ్చి, నా మొహం చూడకుండా, సబ్బు పెడితే గుడ్డలు ఇంకా నల్లబడుతున్నాయని చెప్పింది. పిన్ని సోడా పెట్టి ఉడికిస్తోందట. నాకు ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

"అక్కా, ఇది బతుకుద్దా?" అంది.

"నన్ను చూడు. బతకలేదా?" అన్నాను.

అప్పుడు తలెత్తి చూసింది. నా చెవులు చూసింది, నేను నడుము పట్టుకుని కూర్చోవడం చూసింది. ఏమీ దాచకుండా చెప్పాను. నడివయసు దాకా ఏమీ కాదని, ఆ తర్వాత ఇలాగే ఉంటుందని, షుగరని ఎవరన్నా అంటే నమ్మొద్దని, తీపి మాన్పించొద్దని, పప్పూ గుడ్డూ మితంగా పెట్టమని. చివరికి, పెళ్ళిళ్ళకు తీసుకెళ్ళు, మిగతా పిల్లలతో పడుకోనివ్వు అన్నాను. ఎందుకంటున్నానో ఆమెకు అర్థమైనట్టు లేదు, కానీ తలూపింది.

బావ గడప దాకా వచ్చి, "నువ్వు ముందే చెప్పినవ్" అన్నాడు.

ఈ మాట ఎవరో ఒకరు ఒకనాటికి అంటారని, ఆ రోజున నాకు తృప్తిగా ఉంటుందని అనుకునేదాన్ని. తృప్తేమీ కలగలేదు. "అవ్" అన్నాను, అంతే.

చెల్లి ఏడ్చిన మొహం కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్తూ పిల్లను నా ఒళ్ళో పడుకోబెట్టింది. పిల్ల కళ్ళు తెరిచింది. కొత్త మొహమని ఏడవలేదు, నా వేలు పట్టుకుంది. నాకు సంతోషం కలిగింది. ఆ తల్లి ఏడుస్తున్న ఇంట్లో కలగకూడని సంతోషం. ఇన్నేళ్ళకు, ఈ భూమ్మీద నాలాంటి ఇంకొకరు ఉన్నారు.

ఇలాంటి పిల్ల పుట్టకూడదనే కదా నేను బావను వద్దన్నది. తల నుంచి పాదాల దాకా తనివితీరా చూశాను. వద్దనడానికి ఆ పిల్లలో నాకేమీ కనిపించలేదు.