డబ్బాలో దాచిన ఆఖరి పేజీలు

2016. కోల్‌కతా రేవు పక్కన వాట్‌గంజ్‌లో నా అద్దె పుస్తకాల కొట్టు. నాలుగు వేల పుస్తకాలుండేవి. అన్నీ నేను చదివినవే. సరే, రెండు వేలు. చదివిన సంగతి తర్వాత చెబుతాను.

ఓడల నుంచీ పాత ఇళ్ల నుంచీ తూకానికి వచ్చే పుస్తకాల మూటని మా వ్యాపారంలో లాట్ అంటారు. లాట్ కొనడం తేలికే. అద్దెకిచ్చిన పుస్తకాన్ని వెనక్కి రప్పించడమే కష్టం. అందుకో ఉపాయం కనిపెట్టాను. పదహారు పేజీలు కలిపి మడిచి కుట్టే కట్టని ఫర్మా అంటారు. ప్రతి పుస్తకంలో ఆఖరి ఫర్మాని బ్లేడుతో కోసి, నంబరు వేసి, బిస్కట్ల డబ్బాల్లో దాచేవాణ్ణి. పుస్తకం తిరిగి తెచ్చినవాళ్లు నా స్టూలు మీద కూర్చుని ముగింపు చదువుకుని వెళ్లేవారు. ఒక్క పుస్తకం పోలేదు. ఇది నా బుర్రలోంచి పుట్టిందని ముప్ఫై ఏళ్లు చెప్పుకున్నాను. నిజానికి నాకంటే ముందు ఆ కొట్టు నడిపిన బెంగాలీ దాదా పద్ధతి అది.

అప్పట్లో బాగా అడిగేవి హైలాండ్ నవలలు. ఈ కాలం అమ్మాయి స్కాట్లాండ్ కొండల్లో ఏదో పాతరాయి మీద చెయ్యి వేస్తుంది. కళ్లు తెరిస్తే ఏడొందల ఏళ్లు వెనక్కి పోయి ఉంటుంది. అక్కడో కత్తి పట్టిన దొర. ఒకరి మాట ఒకరికి తెలీదు. ముందు కోపాలు, తర్వాత ప్రేమ. చివరికి ఆ పిల్ల తన కాలానికి వెళ్లిపోతుందా, ఉండిపోతుందా? ఆ జవాబు నా డబ్బాలో ఉండేది.

టికియాపారా నుంచి కుమారి ప్రతి శనివారం వచ్చేది. హౌరాలో లాంచీ ఎక్కి గంగ దాటి, బస్సు పట్టుకుని. ఇంగ్లీషు బడిలో చిన్నపిల్లల టీచరు. వాళ్లమ్మ పైడమ్మకి ఏ భాషా చదవడం రాదు. కుమారి సాయంత్రాలు ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెబుతుంటే ఆవిడ వినేది.

"అమ్మకి ఈ పుస్తకం పిచ్చి పట్టీసింది మావయ్యా" అందోసారి. "ఆ పిల్లకి అక్కడ భాష రాదు, తిండి సయించదు, కట్టుబట్టల్తో వచ్చింది. 'అది నానే కదే' అంటోంది."

పైడమ్మ పదిహేనో ఏట పలాస దగ్గర పల్లె నుంచి రైల్వే కూలీని కట్టుకుని వచ్చింది. తండ్రి పోయాక మళ్లీ ఆ ఊరు చూడలేదు. నలభై ఏళ్లు దాటింది.

తర్వాతి శనివారం కుమారి తల్లినే వెంటబెట్టుకొచ్చింది. మోకాళ్ల నొప్పితో ఆవిడ స్టూలు మీద కూలబడి, "తియ్యన్నియ్యా, ఏటయ్యిందో సూద్దుం" అంది.

డబ్బా తెరిచాను. ఆ నంబరు ఫర్మా లేదు. రెండుసార్లు వెతికాను. లేదు.

పోయిందమ్మా అంటే సరిపోయేది. కానీ ఆవిడ నా మొహమే చూస్తోంది. "పేజీలెందుకు? నాకు కంఠతా వచ్చు" అన్నాను. అని మొదలుపెట్టాను. ఆ పిల్ల ఏడ్చింది, దొర ఏడ్చాడు, రాయి ముట్టుకుంది, సొంతూళ్లో తేలింది. వాకిట్లో తల్లి నిలబడి ఉంది. వీధి వీధంతా పేరు పెట్టి పిలిచింది. ఊపు మీదున్నాను కదా, కుక్కని కూడా తెచ్చాను. అది వాసన చూసి గుర్తుపట్టి కాళ్లకి చుట్టుకుంది.

పైడమ్మ ఏడవలేదు. "అయితే ఎల్లిపోవచ్చా?" అంది.

"ఎందుకెళ్లకూడదమ్మా? రాయి ఎక్కడికీ పోలేదు కదా!"

ఆ మాటకి నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడు శనివారాలు కుమారి రాలేదు. నాలుగో శనివారం వచ్చి, ఆ రోజు పట్టుకెళ్లిన పుస్తకం బల్ల మీద పెట్టింది. కొత్తది తీసుకోలేదు.

"అమ్మ ఊరెళ్లొచ్చింది మావయ్యా. ఒక్కర్తీ. మాకు చెప్పకుండా హౌరాలో రైలెక్కీసింది. మా పెద్దమావయ్య పోయి చాలా ఏళ్లయిందట. వాళ్ల కొడుకులు అరుగు మీదికొచ్చి 'ఎవరి తాలూకు?' అని అడిగారట. మంచినీళ్లు తాగి, ఆ సాయంత్రమే తిరుగు రైలెక్కీసింది. ఇప్పుడు సరిగా మాట్లాడదు. 'ఆ పిల్లని కుక్క కూడా ఆనమాలు పట్టింది' అంటుంది, అంతే."

కుమారి వెళ్లాక స్టూలు జరిపాను. పొట్టి కాలు కింద మడతపెట్టిన కాగితాలు. కుదురుగా నిలవడానికి ఎప్పుడో నేనే పెట్టుకున్నాను. విప్పి నంబరు చూస్తే ఆ ఫర్మాయే. పైడమ్మ ఆ రోజు దాని మీదే కూర్చుంది.

ఆ పూటే పరుగెత్తానని రాయాలనుంది. పదకొండు రోజులు పట్టింది.

టికియాపారాలో ఒక్క గది ఇల్లు. గుమ్మం దగ్గరే చెప్పేశాను, అది కథలోది కాదు, నేను కల్పించిందని. పైడమ్మ కసరలేదు. మంచం మీద సర్దుకుని కూర్చుంది.

"అయితే అసలుది సదువు. నువ్వే సదువు, కంఠతా వచ్చన్నావు కదా."

కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. "నాకు ఇంగ్లీషు రాదమ్మా" అన్నాను. కొట్టు పెట్టకముందు రేవులో సరుకు లెక్క రాసేవాణ్ణి. అంకెలు, పెట్టెల మీద పేర్లు, అంతవరకే. అట్టల మీది బొమ్మలు చూసి ముప్ఫై ఏళ్లు కథలు చెప్పాను. ఈ మాట నా భార్యకి కూడా తెలీదు.

కుమారి నా వైపు చూడకుండా కాగితాలు అందుకుని, చదివి తెలుగులో చెప్పింది. ఆ పిల్ల రాయి మీద చెయ్యి వేసింది. దారి తెరుచుకుంది. అవతల తన ఊరి దీపాలు కనిపించాయి. చెయ్యి తీసేసింది. కొండ దిగి వచ్చేసరికి దొర, ఆమెకి ఇష్టమని రొట్టె కాలుస్తూ మాడ్చేసి ఉన్నాడు.

"మల్లీ సదువు" అంది పైడమ్మ. "సెయ్యి తీసీసిన కాడినుంచి."

మళ్లీ చదివింది. ఆవిడ నా వైపు తిరిగింది.

"నీదీ ఇన్నాను, దీన్నీ ఇన్నాను. నీదాన్లో వీది వీదంతా ఆ పిల్లని పేరెట్టి పిలిసింది. నన్నెవులూ పిలవనేదన్నియ్యా. ఇది ముందే ఇనుంటే నానెల్లకపోదును. ఎల్తే ఎల్లొచ్చునని అనుకుంటా ఉండీదాన్ని, అంతే." కూతురితో, "టీ ఎట్టు" అంది.



ఆ వారం నుంచీ డబ్బాలు ఒక్కొక్కటే బోర్లించి, మైదా జిగురుతో ఫర్మాలన్నీ పుస్తకాలకి అతికించాను. ఇప్పుడు పుస్తకాలు సరిగా తిరిగి రావడం లేదు. నాకు తెలియని దాన్ని తెలియదనడం ఆ గదిలోనే నేర్చుకున్నాను, అరవై దాటాక. "ఇందులో చివరికి ఏమవుతుంది దాదా?" అని ఎవరన్నా అడిగితే, "నేను చదవలేదు" అంటాను. మొదటిసారి అన్నప్పుడు హాస్యమాడుతున్నానని నవ్వారు.

కుమారి మళ్లీ వస్తోంది. అయితే పుస్తకం తీసుకోగానే నా కొట్లోనే కూర్చుని, ముందు ఆఖరి పేజీలు చదువుకుంటుంది. అవి సరిగ్గా ఉన్నాయో లేవో చూసుకోకుండా తనకి కథ మొదలుపెట్టొద్దని వాళ్లమ్మ చెప్పిందట. ఆ పిల్ల చదువుతున్నంతసేపూ నేను అటు తిరిగి, సర్దిన పుస్తకాలనే మళ్లీ సర్దుతుంటాను.