పత్యం పెట్టిన నీరసం

మూడో కీమో దగ్గరపడే రోజుల్లో చోడవరంలో మా ఇంటి వంటగది నుంచి వీధి గుమ్మం దాకా నడవలేకపోయేదాన్ని. మధ్యలో గోడ పట్టుకుని ఆగాలి. ఎంత నిద్రపోయి లేచినా అలసట అలాగే ఉండేది.

నన్ను చూసుకోడానికి మా ఆయన అక్కగారు వడ్డాది నుంచి వచ్చింది. వచ్చిన రోజే నా కంచం తన చేతిలోకి తీసుకుని, బాలింతకి పెట్టినట్టు పత్యం పెట్టింది. కారప్పొడి అన్నం, మధ్యాహ్నం కాస్త బీరకాయ కూర. అంతే.

“ఆపరేషనయిన పచ్చి ఒళ్లు. గుడ్డూ పప్పూ తింటే సీము పట్టేస్తాది. నానున్నంతవరకు కుదర్దు,” అంది.

కడుపు మాడ్చింది, సరే. పక్కింటావిడతో అన్న మాట మాత్రం మరిచిపోలేదు, మరిచిపోను.

“మందు వంక సెప్పి తొంగుంటన్నాది. మాయమ్మ జొరంతోనే సెరుకు కొట్టేది.”

కిటికీ పక్క మంచం మీదే ఉన్నాను. ప్రతి అక్షరం వినబడింది.

విశాఖ ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి పెన్ను కింద పెట్టింది. “రక్తం బాగా తగ్గిపోయింది. ఈ రోజు కీమో ఇవ్వలేను. ఇలా ఆగుతూ పోతే వైద్యం చేసీ లాభం ఉండదు. ఏం తింటున్నారమ్మా?”

నేను నోరు తెరిచేలోపు వదిన అందుకుంది. “అన్నీ పెడతన్నామండీ. ఈ గుంటే తిన్దు.”

“అబద్ధం,” అన్నాను. పూటపూటకీ కంచంలో ఏముండేదో చెప్పాను. పక్కింటావిడతో అన్న మాటా చెప్పాను. డాక్టరమ్మకి అది అక్కర్లేదని తెలుసు, అయినా చెప్పాను.

ఆవిడ వదిన వైపు తిరిగింది. “ఇది బద్ధకం కాదండీ. రక్తం తగ్గినా, తిండి చాలకపోయినా, మనసు బాగోకపోయినా, అస్తమానం మంచం మీదే ఉన్నా నీరసం పెరుగుతుంది. గుడ్డు, పప్పు పెట్టండి. రోజూ నాలుగడుగులు నడిపించండి.”

ఆ రోజు రక్తం మాత్రం ఎక్కించి, వారం తర్వాత రమ్మన్నారు.

బస్సు అనకాపల్లి దాటాక వదిన నోరు విప్పింది. “పదిమందిలో నా పరువు తీసేసేవు.”

“నా కీమో ఆగిపోనాది ఒదినా,” అన్నాను.

మర్నాడు గుడ్లు నేనే ఉడికించుకున్నాను. నిలబడలేక స్టూలు మీద కూర్చున్నాను. వదిన గుమ్మంలో నిలబడి చూసింది, లోపలికి రాలేదు. మూడో రోజు మాత్రం తనే ఉడికించి, ఒలిచి, మొహం తిప్పుకుని కంచంలో పెట్టింది.

వారం తర్వాత డాక్టరమ్మ కొత్త కాగితం చదివింది. “ఈ రోజు కీమో ఎక్కిద్దాం,” అంది.

నర్సు సూది గుచ్చేటప్పుడు వదిన నా రెండో చెయ్యి పట్టుకుంది. పట్టుకోనిచ్చాను. తప్పయిందని మాత్రం ఇప్పటికీ అనలేదు.